రాజీ విందుకు కొత్త గ్యాస్ గ్రిల్లు

జమ్మలమడుగు అవతల మా ఊళ్లో గ్యాస్ గ్రిల్లు మొట్టమొదట వెలిగించినవాడు ఓబులయ్య. మూత వేసి వెలిగించాడు. మూత ఎగిరింది. దాంతోపాటు ఓబులయ్య ఎడమవైపు మీసం పోయింది. కుడివైపు మీసానికి ఏమీ కాలేదు.

మిగిలినదాన్ని ఉంచాలా తీసేయాలా అని చాలాసేపు చర్చ జరిగింది. ఎన్నికలైన కొత్తలో మా వైపు మీసం లేకుండా కనిపిస్తే పందెం ఓడినవాడనే అనుకుంటారు. పైగా మర్నాడు అవతలి వర్గం భోజనానికి వస్తోంది. చివరికి ముఖానికి తువ్వాలు చుట్టుకుని పంటినొప్పి అని చెప్పాలని తేల్చారు.

ఓబులయ్య మా ఊరి నాయకుడు శేషయ్యకు బావమరిది. శేషయ్య, పులివెందుల వైపు ఎర్రన్న ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు బాంబులు వేయించుకున్నవాళ్లు. ఆ ఏడు పార్టీ ఇద్దరికీ ఒకే కండువా కప్పింది. ఇక కొట్టుకోవడానికి సాకు లేక రాజీకి ఒప్పుకున్నారు. ఆ విందులో మాంసం కాల్చడానికని శేషయ్య బెంగళూరు నుంచి గ్రిల్లు తెప్పించాడు. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివిపెట్టమని బడిపంతులునైన నన్ను పిలిచారు. నేను మొదటి పేజీలో ఉండగానే ఓబులయ్య అగ్గిపుల్ల గీశాడు. మూత తెరిచి వెలిగించాలన్న మాట రెండో పేజీలో ఉంది.

ఆ తర్వాత మగవాళ్లెవరూ దాని దగ్గరికి రాలేదు. పని తిరుపాలమ్మ మీద పడింది.

తిరుపాలమ్మ గొర్రెలు కాచే ఇంటి మనిషి. శేషయ్య ఇంటి మీద ఏ జెండా ఎగిరినా లోపల మాంసం వండింది ఆమే. ఆమె ఒక్కగానొక్క కొడుకు గంగులయ్య శేషయ్య జీపు తోలేవాడు. ఆరేళ్ల కిందట ఒకరోజు శేషయ్య జ్వరంతో పడుకుంటే, గంగులయ్య జీపును రిపేరుకని ఒక్కడే తీసుకుపోయాడు. ముద్దనూరు రోడ్డులో కాచుకున్న ఎర్రన్న మనుషులు జీపును గుర్తుపట్టారు. లోపల ఎవరున్నారో చూడలేదు.

తిరుపాలమ్మ గ్రిల్లు మీది ప్లాస్టిక్ పొర ఒలిచింది. ఊచలను సబ్బునీళ్లతో తోమి, తుడిచి, ఎండలో పెట్టింది. సిలిండరు పైపు బిగించినచోట నురగ పూసి, బుడగలొస్తాయేమోనని ఇద్దరం వంగి చూశాం. రాలేదు. మళ్లీ తగిలించిన మూతకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇప్పుడు మూత తెరిచి ఎలిగించి, పైన ఏమీ పెట్టకుండా పావుగంట మండనియ్యల్లంటమ్మా" అన్నాను.

"ఏమీ పెట్టకుండానా? ఏంది అయివారూ, కొత్త పొయ్యి మీద పాలన్నా పొంగించొద్దా?"

"ఊచల మీద పాలు యాడ పొంగిస్తావు? కంపెనీవాళ్లు పూసిన నూనె కాలిపోవల్లంట. లేకుంటే ముక్కకు ఆ వాసన పట్టుకుంటాదంట."

"ఆ పుస్తకం రాసినోన్ని వాళ్లమ్మ ఎప్పుడూ పొయ్యికాడికి రానిచ్చినట్టు లేదులే" అని తిరుపాలమ్మ వెలిగించింది.

కాసేపటికి నల్లటి పొగ లేచింది. నూనె, రంగు కలిసి కాలుతున్న వాసన. తిరుపాలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవారన కూలబడింది. పొగ పట్టిందేమో అనుకుని పక్కకు రమ్మన్నాను.

"జీపు ఇట్లనే వాసనొచ్చింది అయివారూ" అంది. "నేను పోయేటప్పటికి ఇంకా మండతానే ఉండింది."

నేను పుస్తకంలో పేజీ తిప్పాను. ఆర్పేయమంటావా అని అడిగితే వద్దని చెయ్యి ఊపింది. పొగ తెల్లబడి, పలచబడి, పూర్తిగా పోయేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత లేచి, సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి ఊచలకు రాసింది.

సాయంత్రం శేషయ్య రాజీ మాటలు ముగించుకుని ప్రొద్దుటూరు నుంచి వచ్చాడు. మా వైపు రాజీలో ముందు చచ్చినవాళ్ల లెక్క చూస్తారు. రెండు పక్కలా సరిపోతే కేసులు వదులుకుని ప్రమాణం చేస్తారు.

"లెక్క తేలిందా అప్పా?" అని తిరుపాలమ్మ అడిగింది.

"తేలింది. వాళ్లోళ్లు ముగ్గురు, మనోళ్లు ముగ్గురు. సరికి సరి."

"మనోళ్లు ఎవురెవురు?"

ఆయన మూడు పేర్లు చెప్పాడు. ఆమె ఇంకా ఆయన నోటివైపే చూస్తోంది.

"మా గంగులయ్య?"

"వాడు జీపు తోలేటోడు గదా తిరుపాలమ్మా. వర్గంలో మనిషి కాదాయె. వాన్ని కలిపితే లెక్క తెగదు. నీకేం తక్కువ చేసినాను చెప్పు?"

"నాకేమీ వద్దప్పా. వాని పేరొకటి చెప్పింటే సాలు."

"చెప్తే మళ్లా మొదటికొస్తాది" అంటూ శేషయ్య లోపలికి నడిచాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆ ఆరేళ్లలో ఆయన ఆమె ముఖంలోకి చూసి మాట్లాడింది నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆమె రాదనే అనుకున్నాను. అందరికంటే ముందొచ్చి మసాలా నూరుతోంది.

మధ్యాహ్నానికి రెండు వర్గాలూ ఒకే వరసలో కూర్చున్నాయి. కలిసి తింటేనే రాజీ అయినట్టు. ఎర్రన్న మనిషొకడు ఓబులయ్య తువ్వాలు చూసి, "పంటినొప్పా మామా? యా పక్క?" అని అడిగాడు. ఓబులయ్య ఆలోచించి, "రెండు పక్కలా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్లలో వాళ్లంతా కలిసి నవ్వడం అదే మొదలు.

గ్రిల్లు మీంచి మొదటి వాయి దిగింది. పొట్టేలు ముక్కలు బాగా కాలాయి, చెడ్డవాసన ఏమీ లేదు. తిరుపాలమ్మ పళ్లెం పట్టుకుని వచ్చి, శేషయ్యకూ ఎర్రన్నకూ మధ్య ఉన్న కాస్త జాగాలో ఒక విస్తరాకు పరిచింది. నీళ్లు చల్లి తుడిచింది. నాలుగు మంచి ముక్కలు ఏరి దాంట్లో పెట్టి, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ బద్ద పెట్టింది.

వరసలో తలలన్నీ అటు తిరిగాయి. ఎర్రన్న ఆ ఆకువైపు చూసి, "ఇంకా ఎవురన్నా రావల్నా?" అన్నాడు.

శేషయ్య ముఖం కందిపోయింది. "ఏంది తిరుపాలమ్మా ఇది? పెద్దమనుషులు కాచుకోనుంటే వట్టి ఆకుకు ముందు వడ్డిస్తావా?"

"మీ లెక్కలో వాడు పట్టకపాయె గదప్పా, ఆకుకాడన్నా కూచోనీ."