మామయ్య కంటే ముందు హంతకుణ్ణి చూసినందుకు

ఈ కథలో తెర మీద మూడు హత్యలు జరుగుతాయి. నాలుగోది మారేడ్‌పల్లిలో, మా అత్తవారింటి హాల్లో, సాయంత్రం సరిగ్గా ఏడు నలభైకి జరగాల్సింది. చచ్చేది నేనే. చావుకి ఏర్పాట్లన్నీ చేసుకున్నది కూడా నేనే. ఇంత శ్రద్ధగా నేను ఆఫీసు పని కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

అప్పటికి నాకు పెళ్లయి మూడు నెలలు. పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. మా పుట్టింట్లో టీవీ చూడడమంటే కేబులూ, కొట్లాటా. ఒకరు పాటలు పెడితే ఇంకొకరు క్రికెట్ పెడతారు, మధ్యలో మా నాన్న వచ్చి వార్తలు పెట్టి నిద్రపోతాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని కాబట్టి, అత్తవారింట్లో టీవీ చూసే పద్ధతి చూసి మొదటి రోజే నాకు చెమటలు పట్టాయి.

మా మామగారిది గుంటూరు వైపు. రైల్వేలో గార్డు ఉద్యోగం మీద వచ్చి, ముప్ఫై నాలుగేళ్లు చేసి, సికింద్రాబాద్‌లోనే స్థిరపడిపోయారు. ఆయన అరవరు, తిట్టరు. నా భయమంతా అదే. అరిచే మనిషైతే అరిచాక అయిపోతుంది, మనం అన్నం తినొచ్చు. ఈయన అరవకుండా ఒక నోటుపుస్తకం తీసి రాసుకుంటారు. రైలు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసిన చెయ్యి రిటైరయినా ఊరుకోలేదు. "7.40కి మొదలు. 7.52కి ఆగింది. కారణం: కోడలికి ఫోను. మూడు నిమిషాలు ఆలస్యం." నేను ఆ పుస్తకంలోకి ఎక్కిన రోజు నాకు ముద్ద దిగలేదు.

ఆ ఏడు నలభై సంగతేమిటంటే, ఓటీటీలో ఒక హత్యల సీరియల్. కొండ మీద బంగళా, ఎనిమిది ఎపిసోడ్లు. రోజుకి ఒక్కటే చూడాలి, అదీ మామగారు, అత్తయ్య, మా ఆయన కిరణ్, నేను, నలుగురం కూర్చుంటేనే. దాన్ని ఆయనకి అలవాటు చేసిన పుణ్యం నాదే. ఒకరోజు కాఫీ తాగుతూ ఆయన చెప్పారు. కిరణ్ పసివాడుగా ఉన్నప్పుడు టీవీలో వారం వారం ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేదట. డ్యూటీలు మార్చుకుని, బతిమాలుకుని పన్నెండు వారాలు చూశారట. ఆఖరి వారం ఆయన గూడ్సు కాజీపేట దాటకుండా సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. మర్నాడు ఇంటికొచ్చి హంతకుడెవరని అడిగితే అత్తయ్య వంటమనిషి అంది, పక్కింటాయన డ్రైవర్ అన్నాడు. ఆ తర్వాత ఏ సీరియల్ ఆఖరూ ఆయన చూడలేదు.

నాకు జాలేసింది. "ఇప్పుడట్ల కాదు మామయ్యా. గిది యాడికీ పోదు, మీరొచ్చేదాంక ఆగుతది," అన్నాను.

"ఆగుతుందా?"

"ఆగుతది. నేను చెప్తున్న గదా."

"ఇన్నాళ్లూ నా కోసం ఆగింది రైలొక్కటే అమ్మాయ్," అన్నారాయన, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పుతూ. ఈ వాగ్దానం గుర్తుపెట్టుకోండి. నేను అయిదు రోజుల్లో మర్చిపోయాను.

అయిదో ఎపిసోడ్ చివర్లో బంగళా తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చిన మనిషి చెప్పులు మాత్రం చూపించి ఆపేశారు. మామగారు అనుమానితుల జాబితా సరిచూసుకున్నారు. డాక్టరు, బంగళా యజమాని తమ్ముడు, వంటమనిషి, అన్నిటికంటే అడుగున వీణ మాస్టారు. పాపం వీణ మాస్టారు చీమకి కూడా దారిచ్చే మనిషి, కళ్లజోడు తుడుచుకోవడం తప్ప ఏ పనీ చెయ్యడు. "ఈయన్ని కొట్టేయొచ్చు," అంది అత్తయ్య. "ఉండనీ," అన్నారు మామగారు. అందరూ లేచి పడుకున్నారు. నాకు మాత్రం ఆ చెప్పులు బుర్రలోంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మెట్రో ఎక్కి, చెప్పులు ఎవరివో ఒక్కసారి చూసి ఆపేద్దామని ఫోన్ తీశాను. యాప్ తెరవగానే ఎవరు చూస్తున్నారని అడుగుతూ బొమ్మలు వస్తాయి. వాటిల్లో టోపీ పెట్టుకున్న బొమ్మ మామగారిది. అది నొక్కితేనే మా సీరియల్ ఎదురుగా ఉంటుంది. నొక్కాను. చూసేది ఎవరైనా ఇంటి పెద్ద పేరు మీద చూడాలనుకున్నాను, రేషన్ కార్డు లాగా. పైగా టీవీ టీవీయే, ఫోన్ ఫోనే అని నా గట్టి నమ్మకం. నేను బేగంపేటలో ఏం చూశానో మారేడ్‌పల్లిలో గోడకి వేలాడే టీవీకి ఎలా తెలుస్తుంది చెప్పండి.

బేగంపేట వచ్చేసరికి చెప్పులు తమ్ముడివని తేలింది. ఆపేసేదాన్నే. కానీ ఆఫీసుకి వెళ్తే సర్వర్ పనిచెయ్యడం లేదు. అందరూ టీ తాగుతున్నారు. నేను ఆరో ఎపిసోడ్ పూర్తిచేశాను. మధ్యాహ్నం డబ్బా తింటూ ఏడు చూశాను. మూడున్నరకి ఎనిమిదోది అయిపోయింది. హంతకుడు వీణ మాస్టారు.

పక్క సీటు పర్వీన్ నా ముఖం చూసి కుర్చీ జరుపుకుంది.

"ఏమైంది స్వప్నా, మొఖం గట్ల వెట్టినవ్?"

"హంతకుడు దొరికిండు. మా మామయ్యకు ఇంక తెల్వదు, నేనే ముందు చూసిన."

"ఎవరి ప్రొఫైల్‌ల చూసినవ్?"

"మామయ్య బొమ్మ మీద."

పర్వీన్ టీ కప్పు కింద పెట్టింది. "అయితే ఇయ్యాల మీ ఇంట్ల టీవీ వెడ్తే సీదా ఆఖరుకే వోతది. ఆ మాస్టర్ బేడీలేసుకొని నిలవడ్డ కాడికి."

మూడు నెలల కోడలు, ముప్ఫై నాలుగేళ్ల గార్డు, ఒక నోటుపుస్తకం. ఆయన జీవితంలో మొదటిసారి ఒక కథ ఆయన కోసం ఆగింది, నేను దాన్ని ఆయన లేకుండా చివరి స్టేషన్‌కి తోలేశాను. కిరణ్‌కి ఫోన్ చేశాను.

"కిరణ్, జెర ఒక మాట చెప్పు. టీవీ ఖరాబు చేయాలంటే ఎట్ల?"

"ఏంటీ?"

సంగతంతా చెప్పాను. మా ఆయన ధైర్యవంతుడే, వాళ్ల నాన్న విషయంలో తప్ప.

"నేను ఇవాళ లేటుగా వస్తా," అన్నాడు.

"నువ్వు లేకుంటే షురూ చెయ్యరు గదా, నువ్వసలు రాకు."

"రాకపోతే నా పేరు రాస్తారు స్వప్నా."

పెళ్లిలో ఏడడుగులు నడిచిన మనిషి ఏడు నలభై దగ్గర చెయ్యి వదిలేశాడు. ఇక నా పాట్లు నేనే పడాలి. "చూసినయన్నీ ఒక వరుసల ఉంటయి గదా, ఆ వరుసలకెళ్లి సీరియల్‌ను తీసెయ్," అంది పర్వీన్. తీసేద్దామని లోపలికి వెళ్లాను. అక్కడ బోలెడు గుర్తులు. ఒక చెత్తబుట్ట గుర్తు కనబడితే నొక్కాను. "నిజంగానే తొలగించాలా?" అని అడిగింది. అవునన్నాను. పెళ్లిచూపుల్లో కూడా నేను అంత త్వరగా అవునని అనలేదు.

పోయింది. సీరియల్ కాదు, మామగారే పోయారు. టోపీ బొమ్మ లేదు. ఆయన సగం చూసిన ప్రవచనాలు, దాచుకున్న రైళ్ల డాక్యుమెంటరీలు, మొత్తం ఆనవాలు లేకుండా పోయాయి. పర్వీన్ నా భుజం మీద చెయ్యి వేసి, "పరేషాన్ గాకు, కొత్తది చేసిపెట్టు," అంది. ఆ గొంతు మాత్రం పరామర్శకి వచ్చినవాళ్ల గొంతు.

సాయంత్రం మెట్రోలో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో కొత్త ప్రొఫైల్ చేశాను. పేరు అడిగింది, పెట్టాను. బొమ్మ అడిగింది. టోపీ ఉన్న మనిషి దొరకలేదు, టోపీ ఉన్న ఏనుగుపిల్ల దొరికింది. ఇంకా ఏదో అడిగింది. పరేడ్ గ్రౌండ్స్ వచ్చేసింది, జనం తోస్తున్నారు, దానికీ అవునని దిగిపోయాను.

ఏడు ముప్ఫై ఎనిమిదికి మామగారు కళ్లజోడు పెట్టుకున్నారు. అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కిరణ్ వచ్చి కూర్చుని, జీవితంలో మొదటిసారి మా ఇంటి సీలింగుని పరిశీలిస్తున్నాడు. ఏడు నలభై అయింది. రిమోట్ నొక్కారు.

టోపీ పెట్టుకున్న ఏనుగుపిల్ల వచ్చింది. ఆయన రెండు క్షణాలు చూసి, దాన్నే నొక్కారు. తెరంతా పసుపుపచ్చ అయింది. బాతులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పాట అందుకున్నాయి. నేను ఆఖర్న అవునన్నది పిల్లల ప్రొఫైల్‌కని అప్పుడు తెలిసింది. కొండ మీద బంగళా అందులో ఉండదు. ఉన్నవన్నీ బాతులే.

"ఏవండీ, ఇవాళ చచ్చిపోయింది బాతా?" అంది అత్తయ్య.

మామగారు నోటుపుస్తకం తీసి, "7.40. బాతులు," అని పైకి చదువుతూ రాశారు. వెనక్కి వెళ్లి ఆ ఏనుగుపిల్ల కింద నేను పెట్టిన పేరు చూశారు. తర్వాత పెన్ను మూత పెట్టారు.

"మీ అత్తయ్య నన్ను ఏవండీ అంటుంది. వీడు నాన్న అంటాడు. ఇక్కడ మామయ్య అని రాసుంది. ఈ ఇంట్లో నన్ను మామయ్య అనేవాళ్లు ఎంతమంది అమ్మాయ్?"

"ఒక్కరే మామయ్యా," అన్నాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పులు, సర్వర్, చెత్తబుట్ట, అన్నీ చెప్పేశాను. ఆయన ఒక్కటే అడిగారు.

"ఆఖరిదాకా చూశావా?"

"చూసిన."

"ఆగుతుందన్నావు కదమ్మాయ్."

ఆ ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. కాజీపేట సిగ్నల్ దగ్గర ఆయన ముఖం ఇలాగే ఉండి ఉంటుందనిపించి నాకు ఏడుపొచ్చేసింది. "అది ఆగింది మామయ్యా, నేనే ఆగలే," అన్నాను.

"పోనిద్దురూ, పిల్ల చెప్పదులే," అంది అత్తయ్య.

"చెప్పకూడదు," అన్నారాయన. కిరణ్ ప్రొఫైల్‌లో ఆరో ఎపిసోడ్ వెతికించి, నాకు నిబంధనలు వినిపించారు. మూడు రోజులూ నేనూ కూర్చోవాలి. మధ్యలో లేవకూడదు, నవ్వకూడదు, నిట్టూర్చకూడదు, ఎవరి వంకా చూడకూడదు. కావాలంటే ఒక నీళ్ల సీసా దగ్గర పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో ఆ బాతులకే తెలియాలి. ముఖంలో ఏం కనబడుతుందోనని ముఖాన్ని గోడలా పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు వచ్చినా గోడే, తమ్ముడు కత్తి పట్టుకున్నా గోడే. వీణ మాస్టారు రాగానే మాత్రం గొంతు ఎండిపోయేది. రెండు గుక్కలు తాగి మళ్లీ గోడనైపోయేదాన్ని. నా నటనకి నేనే మురిసిపోయాను.

మూడో రోజు, ఆఖరి ఎపిసోడ్. ఏడు ముప్ఫై అయిదుకే మామగారు కళ్లజోడు పెట్టుకుని, "హంతకుడు వీణ మాస్టారు," అన్నారు.

అత్తయ్య చేతిలోంచి చిక్కుడుకాయల పళ్లెం జారింది. "మీకెవరు చెప్పారండీ?"

"కోడలు చెప్పింది."

"అమ్మతోడు మామయ్యా, నేను ఒక్క మాట చెప్పలే," అన్నాను.

ఆయన నోటుపుస్తకం తెరిచి చదివారు. "మొదటి రోజు. డాక్టరు మూడుసార్లు వచ్చాడు, నీళ్లు తాగలేదు. తమ్ముడు అయిదుసార్లు, తాగలేదు. వంటమనిషి రెండుసార్లు, తాగలేదు. వీణ మాస్టారు రెండుసార్లు, రెండుసార్లూ తాగింది. రెండో రోజు. వీణ మాస్టారు నాలుగుసార్లు, నీళ్లు అయిదుసార్లు." తలెత్తి నన్ను చూశారు. "ఆ అయిదోసారి గోడ మీద ఆయన ఫోటో కనపడింది అమ్మాయ్."

ఆ పూట సీసా వంటింట్లోనే వదిలేసి ఎపిసోడ్ చూశాం. వీణ మాస్టారు చేతులకి బేడీలు పడగానే మామగారు పకపకా నవ్వారు. పెళ్లయ్యాక ఆయన నవ్వు వినడం నాకదే మొదటిసారి. "ముప్ఫై నాలుగేళ్లు ఆఖరి పెట్టెలో కూర్చున్నాను గానీ ఏ కథకీ ఆఖరు చూడలేదు," అన్నారు. "ఇవాళ ఆఖరు కంటే నేనే ముందొచ్చాను." పుస్తకంలో రాసుకున్నారు కూడా: "ఒక ఎపిసోడ్ ముందుగా చేరింది. కారణం: కోడలు." ఆ పుస్తకంలో నా పేరు మీద ఆలస్యం కానిది అదొక్కటే.

వారం తర్వాత ఆయన వంటింట్లోకి వచ్చి, అత్తయ్య వినకుండా గొంతు తగ్గించి అడిగారు. "అమ్మాయ్, కొత్తది ఏదో వచ్చిందట. పది ఎపిసోడ్లు. నువ్వు మెట్రోలో ఓసారి చూసేసి రా. సీసా నేను నింపి పెడతాను."

నేను పొయ్యి ముందు నిలబడి, గరిటె ఎత్తి, అగ్నిసాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ సీరియల్లోనూ ఒక్క ఎపిసోడ్ కూడా ఇంట్లోవాళ్ల కంటే ముందు చూడను. ఒకవేళ చూసినా, గొంతెండి చచ్చిపోతాను గానీ మంచినీళ్లు మాత్రం ముట్టను.