ఎండిన స్నానశాలలో తలంటు

దెయ్యాల మాటెత్తితే మొహం మీదే నవ్వేసే రకాన్ని నేను. మెల్‌బోర్న్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునేదాన్ని, నవ్వకేం చేస్తాను! ఇది మాత్రం నా కళ్ల ముందే జరిగింది.

తొంభైల మొదట్లో అమ్మ ఆ ఊరి శివారు క్లేటన్‌లో మా ఇంటికొచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే బాపట్లలో పెద్దమ్మ మంచాన పడింది. చిన్నప్పుడే వాళ్లమ్మ పోతే అమ్మని పెంచింది ఆవిడే. పెళ్లయ్యేదాకా వారం వారం తలంటి పోసిందీ ఆవిడే. అక్కని ప్రాణంతో ఉండగా ఒక్కసారి చూడాలని అమ్మకి ఒకటే ఆరాటం. టికెట్ శుక్రవారానికి గానీ దొరకలేదు. అన్నం సహించేది కాదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది.

ఆదివారం మధ్యాహ్నం, కాస్త గాలి మారుతుందని మా ఆయన మమ్మల్ని కారులో ఊరి బయటికి తీసుకెళ్లాడు. అక్కడ పాడుబడిన స్నానశాల ఒకటుంది. ఊటనీళ్లలో జనం స్నానాలు చెయ్యడానికి, పాతకాలపు రోమన్ల తీరులో ఎప్పుడో కట్టారట. పైకప్పు కూలి స్తంభాలే మిగిలాయి. వాటిని చూసి గుడి అనుకుంది కాబోలు, అమ్మ చెప్పులు మెట్ల దగ్గర విడిచి, దణ్ణం పెట్టుకుంటూ లోపలికెళ్లింది. నాకు నవ్వొచ్చింది గానీ, పోనీలే అని ఊరుకున్నాను.

కారుకి తాళం వేసి మేం వెళ్లేసరికి, అమ్మ స్నానాల తొట్టి అంచున కూర్చుని ఉంది. తొట్టి ఎండిపోయి, పగుళ్లలో గడ్డి మొలిచింది. అమ్మ మాత్రం తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయింది. చీర కుచ్చెళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

మండు వేసవి. చినుకు పడి చాలా రోజులైంది. కుళాయి గానీ నీటిగుంట గానీ ఉందేమోనని మా ఆయన చుట్టూ వెతికాడు. ఏమీ లేదు. తుడుద్దామని అమ్మ జుట్టు పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది. గుప్పున కుంకుడుకాయ వాసన. మా ఇంట్లో కుంకుళ్లే లేవు, అమ్మ షాంపూతో సరిపెట్టుకునేది. ఏమైందని అడిగితే, తడి కొంగు పిండుకుంటూ కారు వైపు నడిచింది. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అక్కడ పొద్దున్నే పెద్దమ్మ పోయిందని ఆవిడ కొడుకు చెప్పాడు. వాళ్ల పొద్దున అంటే మాకు మధ్యాహ్నం.

ఎలాగో అమ్మకి చెప్పాను. చావు కబురు విన్నాక తలమీంచి నీళ్లు పోసుకోవాలి కదా, బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తిప్పాను. అమ్మ కదల్లేదు.

“నాకెందుకే మళ్లీ నీళ్లు? అక్క పోసిందిగా. కుంకుడురసం కళ్లల్లో పడకుండా చెయ్యి కూడా అడ్డం పెట్టింది.”

శుక్రవారం ప్రయాణం వద్దంది. చూడాల్సిన మనిషిని చూశానంది. అమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఆ నీళ్లు ఎక్కడివో ఈనాటికీ చెప్పలేను.