టూల్‌బాక్సులో గోనెముక్క

కొండ మీది మా యూనిట్‌కి నేను చేరింది నవంబరులో, మధ్యాహ్నం మూడింటికి. ఎత్తు పన్నెండు వేల అడుగులు. రెండు కంబళ్లు, ఒక మందపాటి కోటు, ఒక స్పానర్ల సెట్టు ఇచ్చారు. నేను బండ్ల మెకానిక్కుని. తిరువూరులో ఎవరు కలిసినా "శత్రువుని చూశావా?" అని అడుగుతారు. చూడలేదు. ఏడాదిన్నరపాటు నేను చూసిందల్లా జీపుల అడుగుభాగం. ఆ మాట వినగానే అడిగినవాళ్ల ముఖం చిన్నబోతుంది. అయినా నేను చెప్పాల్సింది ఒక జీపు గురించే.

మొదటిరోజే షెడ్డులో ఒక జీపు డ్రైవరు తెలుగులో పలకరించాడు.

"ఏ ఊరన్నా?"

"ఎ.కొండూరు."

"మాది తిరువూరే! బస్టాండులో నల్ల టాక్సీ ఉంటది చూడు, అది మా నాన్నదే. సాయిబు గారి టాక్సీ అంటే ఎవరైనా చెప్తారు."

ఆ కొండ మీద తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. వయసులో నాకంటే చిన్నవాడు. ఆవకాయ గురించి మాట్లాడుకుంటూ రొట్టెలు తినేవాళ్లం.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. బండి బాగుచేసిన మెకానిక్కే డ్రైవరు పక్కన కూర్చుని మూడో మలుపు దాటేదాకా వెళ్లి రావాలి. ఆ తర్వాతే పుస్తకంలో సంతకం. "నీ పని మీద నీకు నమ్మకం ఉంటే ఎక్కు" అనేవాడు మా హవల్దారు.

రెండో చలికాలం, జనవరిలో ఒకరోజు ఉదయం పదకొండింటికి డ్రైవరు జీపుతో వచ్చాడు.

"అన్నా, గుంటలో పడ్డప్పుడల్లా టకటకమంటోంది. కాస్త చూడు."

పన్నెండుకల్లా పై పోస్టుకి కిరసనాయిలు బయల్దేరాలని ఆర్డరు. అక్కడ పదిమంది ఉన్నారు. వాళ్ల స్టవ్వు ఆరిపోయి రెండు రోజులైంది. సీటు కింద టూల్‌బాక్సు తెరిచాను. జాకీ హ్యాండిలు రేకుకి కొట్టుకుంటోంది. గోనెసంచి ముక్క ఒకటి చించి సందులో గట్టిగా కుక్కాను. బండిని ఊపి చూస్తే చప్పుడు లేదు.

అతను షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చాడు.

"ఇంకా సన్నగా ఉందన్నా. స్టీరింగులో చేతికి తగుల్తోంది."

దానికి ఏం చేయాలో నాకు తెలుసు. ఒకరు స్టీరింగును అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు బండి కింద పడుకుని స్టీరింగు రాడ్డు కీళ్ల మీద వేలు పెట్టి చూడాలి. వదులుంటే కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. కింద జానెడు మంచు ఉంది. పడుకోవడానికి బద్ధకించాను. అంతకుమించి కారణం లేదు.

"చప్పుడు బండిలో లేదు, నీ చెవుల్లో ఉంది. పోరా," అన్నాను.

నవ్వాడు. నేను పక్కన ఎక్కలేదు. సంతకం మాత్రం పెట్టాను.

ఒంటిగంటకి రేడియో ఆపరేటరు తల బయటపెట్టాడు. "పై పోస్టు వాళ్లు అడుగుతున్నారు. బండి ఏదీ?" ఒకటిన్నరకి మళ్లీ అదే అడిగాడు. రెండున్నరకి మూడో మలుపు కింద లోయలో జీపు కనిపించింది. డ్రైవరు అప్పటికే పోయాడు. స్టీరింగు రాడ్డు ఒక కొస ఊడి వేలాడుతోంది. నేను లోయలోకి దిగి టూల్‌బాక్సు మూత తీశాను. గోనెముక్క కుక్కినచోటే ఉంది. జాకీ హ్యాండిలు ఇసుమంతైనా కదల్లేదు.

బండి మంచులో జారిందని విచారణలో రాశారు. బండి లోయలో పడ్డప్పుడే రాడ్డు ఊడిందనుకున్నారు. నేను నోరెత్తలేదు.

మే నెలలో ఇంటికొచ్చేశాను. తిరువూరు బస్టాండులో దిగేసరికి ఎండ మాడుస్తోంది. నల్ల టాక్సీ అక్కడే ఉంది. తప్పించుకుపోదామనుకున్నాను గానీ ఆయన నా ట్రంకుపెట్టె చూసి ఎదురొచ్చాడు.

"మావాడు ఉత్తరాల్లో రాసిన కొండూరు మెకానిక్కువి నువ్వేనా బాబూ?"

అవునన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"రెడ్డిగూడెం రోడ్డెక్కితే చాలు, ఇది ఒకటే మోత. మావాడుంటే వాడే చూసేవాడు. కాస్త చూసిపెట్టవా?"

కింద దూరాను. సైలెన్సరు క్లాంపు వదులైంది. బిగించాను. ఆయన ఇంజను స్టార్టు చేసి ఆపాడు. చప్పుడు లేదు.

"చాల్లే బాబూ, లే. టీ తాగుదువు గాని."

"ఆగండి బాబాయ్ గారూ. కిందికి దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు ఆడిస్తూ ఉండండి."

"మోత పోయిందిగా? ఇంకెందుకూ?"

"ఆ రోజు కూడా పోయిందనే అన్నానండి."

ఆయన దిగి స్టీరింగు ఆడించసాగాడు. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. ఆయన ముఖం కనపడని ఆ చోట పడుకునే మొత్తం చెప్పాను. గోనెముక్క, మంచు, మీవాడు చెప్పినా నేను వినకపోవడం, పక్కన ఎక్కకపోవడం.

స్టీరింగు ఆగిపోయింది. నాకు ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అరిగిపోయిన టైరు చెప్పులు, చీలమండల దాకా దుమ్ము. ఎవరో వచ్చి "వినగడప వస్తారా సాయిబు గారూ?" అని అడిగారు. వాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు.

చాలాసేపటికి స్టీరింగు మళ్లీ కదిలింది.

"వేలు పెట్టావా?" అని అడిగాడు.

"పెట్టానండి."

"సరిగ్గా చూడు."

కీళ్లు గట్టిగానే ఉన్నాయి. ఆ మాట రెండుసార్లు చెప్పాను. అయినా ఆయన ఆపలేదు, అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నాడు. నేనూ వేలు తియ్యలేదు. ఆడించినప్పుడల్లా ఆ టైరు చెప్పులు దుమ్ములో కొంచెం కొంచెం జరిగేవి. ఇన్నేళ్లయినా నాకు అవే కనిపిస్తాయి.