బోటు గీసిన గీత

ఫిషింగ్ హార్బర్ స్టాపులో బస్సు తప్పిపోతే నాకిప్పుడు చిరాకు రాదు.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా అక్కడి బెంచీ మీద ఒకావిడ స్టీలు గిన్నెలో ఇసుక నింపి, అందులో ఫోను నిలబెట్టి, సముద్రం వైపు ఫోటో తీస్తోంది. నేను అదే బెంచీ చివర కూర్చున్నాను.

“కదలకు బాబూ. ఈ ఫోను ఒక్క పోటోనే శానాసేపు తీత్తాది. బెంచీ ఊగితే సెడిపోద్ది.”

ఇంతలో నా బస్సు వచ్చింది. నేను లేవలేదు. అది వెళ్లిపోయింది.

తర్వాత ఆవిడ ఫోటో చూపించింది. పోర్టు దీపాలు చుక్కల్లా నిలిచి ఉన్నాయి. నీళ్ల మీద మాత్రం పొడవాటి వెలుగు గీత.

“మా ఆయన బోటు దీపం. కదిలితే ఇలా గీతలా పడతాది. సేపల ఏటకి ఎల్తన్నాడు.”

“వెళ్తోందో వస్తోందో ఇందులో తెలియడం లేదండీ.”

“అందుకే తీత్తాను. రేపు సూసుకుంటే ఇటే వచ్చేత్తన్నట్టు ఉంటాది.”