కైజరు చెవులకు పది సాయంత్రాలు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలం ఐదుగురం గుడి పక్క గదిలో కూర్చున్నాం. సభ్యుల పేర్లున్న పాత పుస్తకం అట్ట ఊడిపోతోందని మా కోశాధికారి మందుల షాపు నుంచి తెల్ల ప్లాస్టరు చుట్ట తెచ్చాడు. చుట్ట విప్పి చర్రున ఒక ముక్క చింపేసరికి జిగురూ మందూ కలిసిన ఆ వాసన గదంతా కమ్ముకుంది. ఆ పుస్తకంలోంచి ఒకాయన పేరు కొట్టేయాలా వద్దా అన్నదే ఆ రోజు మా ముందున్న సంగతి. కానీ ఆ వాసన తగిలాక వాళ్ళ మాటలు నాకు వినపడలేదు. నాకు మళ్ళీ ఇరవై ఏడేళ్ళు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో ఎస్తేరమ్మ గారి అరుగు మీద, ఒళ్ళో కుక్కపిల్లను అదిమి పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఎస్తేరమ్మ గారిని ఎరగని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ ఎంత విసిగించేవారో చెప్పాలి. మిషను ఆసుపత్రి ఆపరేషను థియేటర్లో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, నా చిన్నప్పుడే రిటైరై మా వీధికి వచ్చారు. బరువైన కమ్మలు పెట్టుకుని చెవి తమ్మెలు తెగిన ముసలమ్మలు, ఇంట్లో పెళ్ళి వస్తోందంటే చాలు, ఆవిడ అరుగు ఎక్కేవారు. రెండు కుట్లతో తమ్మెను మళ్ళీ చెవిలా చేసి పంపేవారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు వాక్యాలు నేర్పింది కూడా ఆవిడే. పన్నెండు వచనాలు అప్పజెప్పి పదకొండో దాంట్లో ఒక్క మాట తడబడితే, "మళ్ళీ ఒకటి" అనేవారు. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ మొదటి వచనం కోసం ఎదురు చూసేవారు. మిగతా పిల్లలు బిస్కెట్లు తీసుకుని వెళ్ళిపోతుంటే నేను "మళ్ళీ ఒకటి" దగ్గర నిలబడి ఎన్ని ఆదివారాలు ఏడ్చానో లెక్క లేదు.

తొంభైల్లో మా వైపు వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతున్నప్పుడు నేను ఆ చెరువుల మీద సూపర్‌వైజరుగా చేరాను. యజమాని రాజుగారు ఒకరోజు జీపు దిగి నా చేతుల్లో డాబర్‌మాన్ పిల్లను పెట్టారు. నల్లగా నిగనిగలాడుతోంది. తలకు రెండు వైపులా చెవులు తమలపాకుల్లా వేలాడుతున్నాయి.

"ఏంటయ్యా దాసూ, అలా చూస్తావు? చెవులు కోయించి నిలబెట్టించు. అవి నిక్కబొడుచుకుని ఉంటేనే దొంగ వెధవలు చెరువు గట్టు ఎక్కరు. నెల తిరిగేసరికి వచ్చి చూస్తాను. నీవల్ల కాదంటే చెప్పు, భీమవరం పంపించి వేరేవాళ్ళ చేత చేయిస్తాను."

నిజం చెప్పాలంటే ఆయనకంటే నాకే ఎక్కువ సరదా. మేత షాపులో ఒక క్యాలెండరు ఉండేది. దాని మీద డాబర్‌మాన్ బొమ్మ, కత్తుల్లాంటి చెవులు. అలాంటి కుక్కను గొలుసు పట్టుకుని గట్టు మీద నడిపించాలని నా కోరిక. అప్పుడే దానికి కైజరు అని పేరు కూడా పెట్టేశాను. ఒకటే భయం. పక్క చెరువు వాళ్ళ కుక్కకు పశువుల ఆసుపత్రి కాంపౌండరెవరో మత్తు కూడా ఇవ్వకుండా నలుగురి చేత పట్టించి బ్లేడుతో కోశాడు. ఒక చెవి నిలబడింది, రెండోది మడతపడి అలాగే ఉండిపోయింది. అందుకే చెవుల పని తెలిసిన ఎస్తేరమ్మ గారి దగ్గరకు వెళ్ళాను.

"వందనాలండి అమ్మగారూ."

"వందనాలు. ఏంటా మూట?" అని తువ్వాలు తీసి చూశారు. నేను చెప్పింది పూర్తిగా విని, "దేవుడు ఇచ్చినవి బాగాలేవా?" అన్నారు.

నేను వాక్యం తెలిసినవాణ్ణి, ఊరుకుంటానా. "జంతువుల్ని ఏలమని దేవుడే మనిషికి చెప్పాడు కదండీ," అన్నాను.

"ఏలమన్నాడు. కత్తిరించమన్నాడా?"

"సున్నతి చేసుకోమన్నాడు కదండీ మరి."

"అది అబ్రాహాముకి చెప్పాడు నాయనా. కుక్కకి చెప్పలేదు."

పోనీ వద్దంటున్నారా అంటే అదీ లేదు. "కోస్తాను. మత్తు ఇంజెక్షను ఇచ్చి, నొప్పి తెలియకుండా కోస్తాను. అయితే కోశాక ఏం చెయ్యాలో తెలుసా నీకు?"

"కట్టు కట్టాలండి."

"ఎన్నాళ్ళు?"

"ఓ వారమేమోనండి."

"చెవులు నిలబడే దాకా. రోజూ విప్పాలి, తుడవాలి, ఆరబెట్టాలి, దూది పెట్టి నిటారుగా మళ్ళీ చుట్టాలి. ఆ పని ముందు చెయ్యి. పది సాయంత్రాలు, నీ చేత్తోనే. పదీ అయ్యాక కోస్తాను."

"కోయకుండా కట్టెందుకండీ? ఎక్కడైనా ఉందా ఇది?"

"కోశాక నువ్వు రాకపోతే నేనేం చెయ్యను? తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి తోటలో కత్తివేటుకు తెగిపోతే, ముట్టి బాగుచేసింది ప్రభువు ఒక్కడే. నాకు ఆ విద్య రాదు."

అలా మొదలైంది. రోజంతా ఎండలో గట్ల మీద తిరిగి వచ్చి, స్నానం చేసి, కైజరును చంకన పెట్టుకుని ఆవిడ అరుగు ఎక్కాలి. ఆవిడ సాయంకాల ప్రార్థన ముగిసే దాకా కూర్చోవాలి. ఆ ప్రార్థనలో మా వీధిలో జ్వరం వచ్చిన ప్రతివాళ్ళ పేరూ ఉండేది. తర్వాత కట్టు విప్పితే దూది ఎక్కువైందనేవారు, మర్నాడు తక్కువైందనేవారు. ప్లాస్టరు బిగువైతే ఒక తప్పు, వదులైతే ఒక తప్పు. చెవులు రెండూ తెల్లటి కొమ్ముల్లా పైకి చుట్టిన కుక్కను ఎత్తుకుని వీధిలో నడుస్తుంటే, "ఏంటి దాసూ, దానికి గవదబిళ్ళలా?" అని ప్రతి అరుగు మీంచీ అడిగేవాళ్ళే. మా ఆవిడైతే, "పెళ్ళయి రెండేళ్ళయింది. నాకు తలనొప్పంటే ఒక్కసారైనా బామ్ రాశారా? దాని చెవులకు మాత్రం పౌడరు అద్దుతున్నారు," అని మూతి తిప్పేది. అందరి మీదా కోపమే. అన్నిటికంటే ఎక్కువ కోపం ఎస్తేరమ్మ గారి మీద. వద్దనాలనుకుంటే వద్దనవచ్చు కదా, ఈ నాటకం ఎందుకని రోజూ ఇంటికి వెళ్తూ గొణుక్కునేవాణ్ణి.

ఏడో సాయంత్రం జోరున వాన. ఆ రోజే ఒక చెరువులో రొయ్యల పట్టుబడి. లారీ, ఐసు, మనుషులు, ఊపిరాడలేదు. కట్టు మార్చమని వాచ్‌మన్‌తో చెప్పి ఊరుకున్నాను. మార్చానన్నాడు. మర్నాడు సాయంత్రం అరుగు మీద కూర్చోగానే, ఇంకా కట్టు విప్పకముందే, ఎస్తేరమ్మ గారు ముక్కు ఎగబీల్చారు.

"ఎవరు కట్టారిది?"

"నిన్న రొయ్యల పట్టుబడి అండి... వానండి... వాచ్‌మన్ చేత..."

విప్పారు. తడిసిన దూదిని తీసేయకుండా దాని మీదే కొత్త ప్లాస్టరు చుట్టేశాడు. లోపల చెవి చర్మం మెత్తబడి, ఒరుసుకుపోయి, రసి కారుతోంది. నేను వేలు ఆనించగానే కైజరు కీచుమని అరిచి నా చొక్కాలోనే తల దూర్చుకుంది. దానికి ఆ నొప్పి పెట్టింది నేను. అది దాక్కున్నదీ నా దగ్గరే.

"కోసి ఉంటే ఇవాళ ఇక్కడ ఏముండేది దాసూ?" అన్నారు ఆవిడ.

ఆవిడ శుభ్రం చేసి మందు రాసి, "ఇది ఆరనీ. ఆరాక మళ్ళీ ఒకటి," అన్నారు.

ఆ రెండు మాటలతో సండే స్కూలు నాటి కోపం కూడా కలిసి వచ్చేసింది. "మీకు కోయడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండమ్మా! ఈ లెక్కలేంటి? నెల తిరిగితే రాజుగారు దీన్ని తీసుకుపోయి ఎవడిచేతో కోయిస్తారు. ఆ పాపం ఎవరిది?" అని అరిచేశాను. వీధి వీధంతా విన్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళి స్టీలు డబ్బా తెచ్చి మూత తీశారు. ఆవిరి ఇంకా పోలేదు. లోపల కత్తెర, సూదులు, దారం, తెల్లటి గుడ్డ. "రోజూ నువ్వొచ్చే వేళకు మరగబెట్టే ఉంచుతున్నాను. పది అయిన రోజున నువ్వు కోయమంటే కోస్తాను. మాట ఇచ్చాను కదా. నా ఇష్టంతో పనేముంది? కుక్క నీది."

అప్పటిదాకా అది నాటకమనే అనుకున్నాను. కాదు. ఆవిడ నిజంగా కోసేవారే. నిర్ణయం నా నెత్తినే ఉంది, మొదటి రోజు నుంచీ.

పుండు ఆరాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి చేతులకు పని తెలిసింది కాబట్టి కళ్ళకు చూసే తీరిక దొరికింది. పడమటి వెలుతురు వెనక నుంచి పడితే ఆ చెవిలో సన్నటి ఎర్రటి నరాలు ఆకు ఈనెల్లా కనిపించేవి. వేళ్ళ మధ్య వెచ్చగా కొట్టుకునేవి. కట్టు విప్పిన ఆ కాసేపట్లోనే దూరాన నా పేరు ఎవరైనా పిలిస్తే, నాకంటే ముందు ఆ చెవులు అటు తిరిగేవి. నాకు కావలసినదానికి వాక్యం వెతుక్కోవడం నాకు బాగా వచ్చు. ఈ చెవులకు వ్యతిరేకంగా మాత్రం ఇంకొక్క వాక్యం నాకు దొరకలేదు. నిజానికి నేను వెతకడం మానేశాను.

పదో సాయంత్రం ఎస్తేరమ్మ గారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మత్తుమందు సూది పైకెత్తి పట్టుకుని అడిగారు. "చెప్పు. ఎంత మేర కోయను?"

"వద్దండమ్మా," అన్నాను. మెచ్చుకుంటారనీ, ప్రార్థన చేసి తల మీద చెయ్యి పెడతారనీ అనుకున్నాను.

"ఈ మాట ముందే ఏడిస్తే నాకు ఇంత కిరసనాయిలు మిగిలేది కదరా!" అని సూది డబ్బాలో పడేసి లోపలికి వెళ్ళిపోయారు. విసుక్కోవడం ఆవిడకూ వచ్చునని ఆ రోజే తెలిసింది.

నెల తిరిగింది. రాజుగారు వచ్చి చూసి, "ఇది కుక్కా, మేకా? నువ్వే ఉంచుకో దీన్ని," అని చెరువులకు వేరే కుక్కను తెప్పించుకున్నారు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ నన్ను పదిమందిలో "మేకల సూపర్‌వైజరు" అనే పిలిచారు. కైజరు పన్నెండేళ్ళు బతికింది. ఎస్తేరమ్మ గారి భూస్థాపన రోజున పాట మొదలవగానే సమాధుల తోట గేటు బయట దాని చెవులు రెండూ పాట వైపు తిరిగాయి.

మొన్న ఆదివారం సంగతికి వస్తాను. మేం పేరు కొట్టేయాలనుకున్న మనిషి మంచివాడేమీ కాదు. తాగివచ్చి ఆరాధన మధ్యలో పెద్దల్ని బూతులు తిట్టాడు. కోశాధికారి ప్లాస్టరు అంటించడం అయ్యాక పెన్ను తీశాడు. నేను పుస్తకం మీద చెయ్యి పెట్టి, "కొట్టేద్దాం. అంతకుముందు పది సాయంత్రాలు మనలో ఒకరు వాళ్ళింటికి వెళ్ళి కూర్చోవాలి. వరసగా," అన్నాను.

"మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి దాసుగారూ, ఈ లెక్కలేంటి?" అని కోశాధికారి విసుక్కున్నాడు.

"నా ఇష్టంతో పనేముంది? పది అయ్యాక మీరు కొట్టేయమంటే నా చేత్తోనే కొట్టేస్తాను."

ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి నేనే వెళ్తున్నాను. మొదటి రోజు ఆయన తలుపు తీయలేదు. రెండో రోజు తీసి తిట్టాడు. మూడో రోజు వాళ్ళావిడ కుర్చీ వేసింది, మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. నిన్న వాన. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని వెళ్ళలేదు.

ఇవాళ మళ్ళీ ఒకటి.