అవ్వకు పక్కింటి చెత్తబుట్ట దగ్గర చెప్పిన పాఠం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి నా డైరీలో ఉంది. ఆ రోజుల్లో, అంటే శామీర్‌పేట అవతల ఒక ల్యాబులో కొత్తగా చేరినప్పుడు, పొద్దున మేడ్చల్‌లో మా గల్లీ చివర కంపెనీ బస్సు కోసం నిలబడి, అటుగా వచ్చే మా అవ్వను చూసి ముఖం తిప్పుకునేదాన్ని. మున్సిపాలిటీ చెత్తబండి పాట వేసుకుంటూ వచ్చేలోపల అవ్వ గల్లీ అంతా తిరిగి, గేట్ల ముందు పెట్టిన బుట్టలన్నీ తొంగి చూసేది. "గీళ్లింటికి సుట్టాలొచ్చిన్రు, కోడి బొక్కలు జూడు. గాళ్ల కోడలు అలిగింది, అన్నం అట్లనే పారేసిన్రు." ఒక్కనాడూ ఆమె లెక్క తప్పేది కాదు. ఈమె మా అవ్వ అని బస్సులోవాళ్లు కనిపెడతారేమోనని నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని (ఒకసారి పుస్తకం తలకిందులుగా ఉందని డ్రైవరే చెప్పాడు).

ఆ ఏడాదే అవ్వ మడమ కింద నల్లమచ్చ వచ్చింది. ముల్లు గుచ్చుకుందని జిల్లేడు పాలు పూసుకుంటూ చాలా రోజులు దాచింది. చివరికి పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరు. అప్పటికే గజ్జల దాకా పాకింది. డాక్టరమ్మ ఇమ్యునోథెరపీ అనే మందు ఎక్కించడం మొదలుపెడదామని, సోమవారం జవాబు చెప్పమని అంది. అవ్వ సోమవారం దాకా ఆగలేదు. "నా ఒంట్లకు విషం ఎక్కియ్యనియ్య" అని లేచి వచ్చేసింది. నాయిన రెండు రోజులు బతిమాలి ఊరుకున్నాడు. నేను ఊరుకోదలచుకోలేదు. నలుగురిలో నోరు విప్పలేను గానీ, ల్యాబులో రోజూ చూసేది ఆ క్యాన్సర్ కణాలనే కదా! డైరీలో పదకొండు పేజీలు రాసి, శనివారం సాయంత్రం అవ్వ ఎదురుగా కూర్చుని చదివాను. "ప్రతి కణమూ తనలోని ప్రోటీన్ల తునకలను ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది..." రెండో పేజీకే అవ్వ గురక మొదలైంది. మర్యాదకు మూడో పేజీ కూడా చదివాను.

ఆదివారం పొద్దున అవ్వ వెంటే గల్లీలోకి నడిచాను. పక్కింటి మూడంతస్తుల అత్తమ్మ (పొలం ప్లాట్లు చేసి అమ్మి అంత ఇల్లు కట్టింది, అందుకే ఆ పేరు) బుట్ట ముందు అవ్వ ఆగింది. "ఇంట్ల తినే పండ్లే లేవంటది. మరి గీ మామిడి టెంకలు యాడియి?" ఆ ఒక్క మాటతో నా పదకొండు పేజీలూ ఎగిరిపోయాయి.

"అవ్వా! నీ ఒంట్ల గూడ నీ అసొంటోళ్లున్నరే! టీ కణాలంటరు. ఇంటింటికి వోయి, బయట వెట్టిన తునకలు జూస్తరు. లోపల ఏం వండుతున్నరో గా తునకలే జెప్తయి. క్యాన్సర్ కణం ఎన్నడు లేని వంట వండుతది. గా కొత్త తునక గుమ్మంల కనవడితే సాలు, పట్టుకొని ఖతం జేస్తరు."

"మరి నా మచ్చను ఎందుకు వట్టలే? పండుకున్నరా?"

నేను ఆవేశంగా అత్తమ్మ ఇంటివైపు చేయి చాపాను. "ఇప్పుడు గీ ఇల్లే క్యాన్సర్ కణం అనుకో..."

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. చాయ్ కప్పుతో అత్తమ్మ! "ఏందే పిల్లా? నా ఇల్లు క్యాన్సరా?"

పై బాల్కనీల్లో ముఖాలు మొలిచాయి. ఇంకో రోజైతే చెత్తబండి ఎక్కయినా పారిపోయేదాన్ని. ఆ రోజు కదల్లేదు. "ఒక్క నిమిషం అత్తమ్మా, కోపం జెయ్యకు. అవ్వా, టెంకల సంగతి నువ్వు అడగబోతే అత్తమ్మ ఏం జేస్తది?"

"చాయ్ ఇస్తది."

"తాగి నువ్వేం జేస్తవ్?"

అవ్వ పక్కకు చూసింది. "సప్పుడు జెయ్యకుండ ఇంటికొస్త."

"గంతే! క్యాన్సర్ కణం గూడ నీ టీ కణాల చేతుల చాయ్ వెట్టి పంపిస్తాంది. డాక్టరమ్మ ఇచ్చేది విషం గాదే. గా చాయ్ అందకుండ వాళ్ల చేతులు కప్పే మందు. ఇగ కొట్లాడేది నీవోళ్లే."

అత్తమ్మ కప్పును కొంగు చాటుకు జరుపుకుంది. నాకు నిజం దాచబుద్ధి కాలేదు. "అందరికి పనిజెయ్యదు అవ్వా. ఒక్కోపారి టీ కణాలు మంచోళ్ల ఇండ్ల మీద గూడ వడ్తయి."

"గది నీకు అలవాటే గద పెద్దమ్మా!" అంది అత్తమ్మ.

అవ్వ ఆమెను చూసి, బుట్టను చూసి, చివరికి నన్ను చూసి, "రేపు ఎన్ని గంటలకు వోవాలె?" అంది.

(పరేషాన్ కాకండి, ఆ మందు అవ్వకు పనిచేసింది.) ఇప్పుడు ల్యాబులో కొత్తగా చేరేవాళ్లకు ఈ పాఠం నేనే చెబుతాను, రంగురంగుల బొమ్మలతో, కాగితం మీంచి తలెత్తకుండా. ఆ ఆదివారం నడి గల్లీలో అరిచిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఆ మర్నాడు, సోమవారం, ఆసుపత్రిలో సూది గుచ్చి మందు సీసా తగిలించాక, అవ్వ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఇంకేదో అనుమానం అడుగుతుందని గబగబా డైరీ తెరిచాను. ఆమె దాన్ని మూసేసి, నా చెంప నిమిరి అంది:

"నువ్వు గింత మాట్లాడ్తవని ఎరుకుంటే, నేనెప్పుడో రోగం దెచ్చుకుంటుంటి గదనే!"