తాతమ్మ కాన్సర్టీనా

మొన్న ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్‌లో మా అమ్మాయితో పాత సామాన్ల దుకాణానికి వెళితే, బొమ్మల మధ్య ఆరు పలకల చిన్న పెట్టె ఒకటి కనిపించింది. "టాయ్ లే అమ్మా, పద" అంటూ అది ముందుకు నడిచింది గానీ, నా మనసు మాత్రం వెల్లింగ్టన్‌లో ఒంటరిగా గడిపిన తొలి చలికాలానికి వెళ్ళిపోయింది.

అప్పటికి మావారూ అమ్మాయీ కాకినాడలోనే వీసాల కోసం ఎదురుచూస్తున్నారు. నేను ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తూ, కొండవాలు మీద ఒక ముసలావిడ ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాను. శనాదివారాలు నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. సోమవారం ఆఫీసులో ఎవరైనా పలకరిస్తే గొంతు పెగలడానికి కాసేపు పట్టేది, మీలో ఒంటరిగా వచ్చినవారికి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఒక ఆదివారం, గాలికి కిటికీలు దడదడలాడుతుంటే, పైనుంచి మన హార్మోనియం లాంటి నాదం వినిపించి, ఉండబట్టలేక మెట్లెక్కాను.

ఆవిడ చేతుల్లో ఉన్నది అలాంటి ఆరు పలకల పెట్టే, కాన్సర్టీనా అంటారట. మధ్యలో సాగే తోలుతిత్తి, ఇరువైపులా చిన్న చిన్న బొత్తాలు. టీ ఇచ్చి దాని కథ చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో గొప్పింటి ఆడపిల్లలు మేష్టర్లను పెట్టుకుని మరీ నేర్చుకుని, విందుల్లో పట్టుగౌన్లతో నిలబడి వాయించేవారట. ఆవిడ తాతమ్మ కూడా అలాగే నేర్చుకుని, పెళ్ళయ్యాక దీన్ని వెంటపెట్టుకుని ఓడెక్కి ఈ దేశం వచ్చిందట. ఏళ్ళు గడిచేసరికి చవకరకాలు వచ్చి, అది వీధి పాటగాళ్ళకూ నావికులకూ చేరిపోయింది. ఇక్కడి దొరసానులేమో ఇళ్ళల్లో పియానోలు పెట్టుకుని దీన్ని చూసి నవ్వారట. ఆ తర్వాత ఆమె వంటింట్లో తలుపు మూసుకుని వాయించుకునేదట. ఆమెకిష్టమైన పాట ఒక్కటి తల్లి నుంచి కూతురికి దిగుతూ ఈవిడ దాకా వచ్చింది. ఈవిడకు పిల్లల్లేరు.

ఇక ప్రతి ఆదివారమూ పైకి వెళ్ళేదాన్ని. వసంతానికి ఆవిడ వేళ్ళు కీళ్ళనొప్పులతో బిగుసుకుపోతే, దాన్ని ఒక మ్యూజియానికి ఇచ్చేద్దామని నిశ్చయించుకుని నన్ను తోడు రమ్మంది. బస్సులో దారంతా ఒళ్ళోంచి దించలేదు. అక్కడి ఉద్యోగిని చేతితొడుగులు వేసుకుని మర్యాదగా అందుకోబోతూ, తోలు పాడవకుండా ఇకమీదట దీన్నెవరూ వాయించరని చెప్పింది. ఆవిడ చప్పున చేతులు వెనక్కి తీసుకుంది.

"అయితే ఒక్కసారి వాయించి ఇస్తాను," అంది.

ఆ కౌంటరు దగ్గరే నిలబడి, ఆగుతూ, తడబడిన చోట మళ్ళీ మొదలుపెడుతూ, పాటంతా వాయించింది. చూడవచ్చినవాళ్ళు ఆగి విన్నారు. తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "తాతమ్మ తర్వాత పదిమందిలో వాయించింది నేనే" అని మాత్రం అంది.

తర్వాత మావాళ్ళు వచ్చారు, ఆక్లాండ్ మారిపోయాం, కొన్నేళ్ళకు ఆవిడ పోయిందని తెలిసింది. ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడు ఫోనులో కాకినాడ కనిపిస్తుంది. మొన్నామధ్య మా అక్క కూతుర్ని, మీ నాన్న సావిట్లో ఉన్నారా అని అడిగితే ముద్దుగా నవ్వింది. "పిన్నీ, సావిడి అని ఇప్పుడిక్కడ ఎవరూ అనట్లేదు, హాలే అంటున్నారు. అమ్మమ్మ పోయాక నీ నోటే వింటున్నా." నేను బయలుదేరేనాటికి మా ఇంట్లో అందరూ అనేవాళ్ళే. ఎక్కడా పారేసుకోకుండా ఇంతదూరం తెచ్చుకున్న మాటకు, అక్కడే ఇల్లు లేకుండా పోయింది.